అధికారికి నిండు జీతం, ఖలీఫా ఇంట పొదుపు

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) పేరు చెప్పగానే ఆయన నిరాడంబర జీవితం గుర్తుకొస్తుంది. సొంత పనికి ప్రభుత్వ దీపం వాడుకోని ఖలీఫాగా ఆయన పిల్లలకు కూడా తెలుసు. అయితే తన ఇంటి ఖర్చును అంతగా తగ్గించుకున్న ఆ ఖలీఫాయే తన అధికారులకు మాత్రం పెద్ద జీతాలు ఇచ్చారన్న సంగతి చాలామందికి తెలియదు. నిజానికి ఈ రెండింటికీ మూలం ఒక్కటే. అది ప్రజాధనం అల్లాహ్ అప్పగించిన అమానత్ అన్న భయం.

ఆయన బనూ ఉమయ్యా రాజవంశంలో జన్మించారు. తండ్రి అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ ఈజిప్టు గవర్నరు. తల్లి ఉమ్మె ఆసిమ్, హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) మనవరాలు. మదీనా పండితుల దగ్గర విద్య నేర్చుకున్న ఆయన హి.శ. 87 (క్రీ.శ. 706)లో అదే నగరానికి గవర్నరయ్యారు. ఆ రోజుల్లో ఆయన ధరించే దుస్తులు, పూసుకునే పరిమళాలు ఎంతో ఖరీదైనవి. హి.శ. 99 (క్రీ.శ. 717)లో ఖలీఫా బాధ్యత మీద పడగానే ఆ వైభవమంతా వదిలేశారు. భార్య ఫాతిమా నగలు సైతం బైతుల్ మాల్‌లో చేరాయి.

అప్పట్లో ప్రజలను ఎక్కువగా బాధించింది పన్నుల వసూలు. భూమిపై ఖిరాజ్ ఉండేది. దానికి తోడు నౌరోజ్, మెహర్‌గాన్ పండుగల కానుకలు, నాణేల నాణ్యత చూసేవారి కూలి, లేఖకుల కాగితాల ఖర్చు, పెళ్లిళ్లపై రుసుము అంటూ అధికారులు మరెంతో గుంజేవారు. కూఫా గవర్నరుకు రాసిన లేఖలో ఆయన వీటన్నిటినీ రద్దు చేశారు. బీడు భూమిపై సాగుభూమి పన్ను వేయరాదని ఆదేశించారు. ఈజిప్టులో ఖిరాజ్ వసూలు చేస్తూ దౌర్జన్యానికి పేరుపడ్డ ఉసామా బిన్ జైద్‌ను పదవి నుంచి తొలగించారు.

అయితే దుర్మార్గుణ్ణి తొలగించినంత మాత్రాన ఖియానత్ ఆగదు. ఇల్లు గడవని అధికారి చేతికి ప్రజల డబ్బు అప్పగిస్తే షైతానుకు మనమే తలుపు తెరిచినట్లు. అందుకే ఆయన తన అధికారులకు నెలకు 100 దీనార్లు, కొందరికి 200 దీనార్లు ఇచ్చేవారని ఇబ్నె కసీర్ (రహ్మలై) నమోదు చేశారు. అప్పటి దీనారు సుమారు 4.25 గ్రాముల బంగారు నాణెం. అంటే కనీస జీతమే నెలకు 425 గ్రాముల బంగారమన్నమాట! దీనికి ఆయన చూపిన కారణం సూటిగా ఉంది. కుటుంబ అవసరాలు తీరిన మనిషి మనసు ప్రజల పనిమీద నిలుస్తుంది. మరి అధికారులకు ఇచ్చినట్లే సొంత ఇంటివారికీ ఇవ్వవచ్చు కదా అని కొందరు అడిగారు. ఇంటివారి హక్కును తాను ఆపడం లేదనీ, ఇతరుల హక్కును తెచ్చి వారికి ఇవ్వలేననీ ఆయన బదులిచ్చారు.

జీతం ఇచ్చాక ఆయన మిగతా దారులు మూసేశారు. అధికారి తన అధికార పరిధిలో వ్యాపారం చేయరాదన్నారు. ఎందుకంటే అధికారి అంగడి పెడితే బేరం న్యాయంగా సాగదు. కానుకలను కూడా నిరాకరించారు. ఒకసారి ఆయనకు ఆపిల్ తినాలనిపించింది. ఆ సంగతి తెలిసి బంధువొకరు పండ్లు పంపితే, వాసన చూసి మెచ్చుకుని తిప్పి పంపారు. దైవప్రవక్త (స) కాలంలో కానుకగా ఉన్నది ఇప్పుడు అధికారుల విషయంలో లంచమైపోయిందని ఆయన అభిప్రాయం.

ఇది ఆయన కొత్తగా కల్పించిన పద్ధతి కాదు. జకాత్ వసూలు చేసేవారికి అందులోనే వాటా ఉందని దివ్యఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతు తెలుపుతోంది. జకాత్ వసూలుకు వెళ్లి తనకు కానుకలు వచ్చాయన్న ఇబ్నుల్ లుత్‌బియ్యాను దైవప్రవక్త (స) మింబర్‌పై నుంచి గట్టిగా మందలించారు. అతను ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అన్నదే అక్కడి ప్రశ్న.

హి.శ. 101 (క్రీ.శ. 720)లో, సుమారు రెండున్నరేళ్ల పాలన తర్వాత, నలభై ఏళ్ల ప్రాయంలోనే ఆయన కన్నుమూశారు. ఆఫ్రికాలో జకాత్ వసూలు చేసిన ఆయన అధికారి యహ్యా బిన్ సయీద్‌కు దాన్ని పుచ్చుకునే పేదలే కనిపించలేదట. ఆ సొమ్ముతో ఆయన బానిసలను కొని విముక్తి చేశారు.

సోదరులారా! మనం ఆయన పొదుపును పొగుడుతాం. కానీ ఆ పొదుపును మన ఇంట్లో పాటించకుండా, మన మస్జిద్ ఇమామ్ మీద, మౌజన్ మీద, మదర్సాకు విరాళాలు సేకరించే ఉద్యోగి మీద రుద్దుతున్నాం. అరకొర జీతమిచ్చి అమానత్‌దారీ ఆశిస్తున్నాం. ఖలీఫా చేసింది దీనికి పూర్తిగా విరుద్ధం. పొదుపు తనకు పెట్టుకున్నారు, జీతం పనివాడికి ఇచ్చారు, ఆ తర్వాతే లెక్క అడిగారు. హక్కు ఇచ్చి లెక్క అడిగే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.