కష్టానికి తగిన వెల: ధన్య ఫ్రెడరిక్ ఓజనాం

మన విచారణల్లో పునీత విన్సెంట్ డి పాల్ సభవారు తమ చందాలు పోగుచేసి, పేదల ఇళ్ళకు వెళ్ళి ఆదుకోవడం మీరెరిగినదే. ఆ సభను స్థాపించిన ఫ్రెడరిక్ ఓజనాం గారిని దాతగానే మనం తలచుకుంటాం. ఆయన న్యాయశాస్త్ర ఆచార్యులు కూడా. పనివానికి ముట్టవలసిన కూలి ఎంత అనే ప్రశ్నను తరగతి గదిలో విద్యార్థుల ముందుంచిన గృహస్థ క్రైస్తవుడాయన. ఈ వారం ఆ సంగతి తెలుసుకుందాం.

ఓజనాం 1813 ఏప్రిల్ 23న మిలాన్ నగరంలో ఫ్రెంచి దంపతులకు జన్మించి, ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో పెరిగారు. తండ్రి వైద్యులు. పేదరోగులను ఉచితంగా చూసేవారు.

లియోన్ పట్టు నేతకు పేరుమోసిన పట్టణం. వర్తకుడు నూలు ఇచ్చేవాడు. నేతగాడు ఇంట్లో సొంత మగ్గంమీద నేసి అప్పగించి, మజూరి పుచ్చుకొనేవాడు. మన నేతపల్లెలవారికి ఇది తెలిసిన పద్ధతే. గిరాకీ తగ్గితే ముందు కోతపడేది మజూరికే. 1831లో నేతగాళ్ళు కనీస మజూరి రేట్లు కోరారు. ప్రభుత్వాధికారి సమక్షంలో ఒప్పందం కుదిరినా, కొందరు వర్తకులు దానిని తోసిపుచ్చారు. కడుపుమండిన నేతగాళ్ళు తిరగబడ్డారు. సైన్యం దిగింది, ఒప్పందం రద్దయింది. 1834లో మళ్ళీ తిరుగుబాటు, మళ్ళీ రక్తపాతం.

ఆ మొదటి తిరుగుబాటు నాటికి ఓజనాం న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ చేరి కొద్దిరోజులే అయింది. అక్కడ 1833లో, తన ఇరవయ్యవ పుట్టినరోజున, తోటి విద్యార్థులతో కలిసి పేదల సేవకు పూనుకున్నారు. పేదవాడల్లో పనిచేస్తున్న సిస్టర్ రోజలి వారికి దారి చూపారు. పేదల గడపల్లో ఆయన గమనించినదేమంటే, పని చేతకానివారే కాక, ఒళ్ళు వంచి పనిచేసేవారు కూడా పస్తులుంటున్నారు. ఇది దానంతో మాత్రమే తీరే లోటా?

1839లో లియోన్‌లో వాణిజ్య న్యాయశాస్త్ర ఆచార్యులుగా ఆయన ఈ ప్రశ్నకు సమాధానం వెదికారు. పనివానిని తన వ్యాపారంలో తోడుగా ఎంచక, తక్కువ ఖర్చుతో ఎక్కువ పని పిండుకొనే పనిముట్టుగా చూసే యజమాని అతణ్ణి దోచుకుంటున్నట్లేనని బోధించారు. కూలిలో మూడు ఇమిడి ఉండాలన్నారు: పనివాని జీవనం, బిడ్డల చదువు, ఒళ్ళు సహకరించని వయసుకు ఆసరా. గిరాకీ, పోటీ కూలిని పైకీ కిందికీ లాగుతాయని ఆయనకు తెలుసు. అయితే వాటికి మాత్రమే వదిలేస్తే మనిషిని సరుకుగా మార్చినట్లే. అలాగని సమస్తమూ ప్రభుత్వం చేతిలో పెట్టడానికీ ఆయన సమ్మతించలేదు. పనివారు సంఘాలుగా కలవాలని కోరారు. పదమూడవ లియో జగద్గురువులు కార్మికుల స్థితిపై విశ్వలేఖ వెలువరించిన 1891కి ఇది అర్ధశతాబ్దం ముందటి మాట.

1841లో అమేలీని వివాహమాడి, పారిస్‌లోని సొర్బోన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఆయన అక్కడే స్థిరపడ్డారు. 1848 జూన్‌లో నిరుద్యోగులకు పని చూపే ప్రభుత్వ కర్మశాలల మూసివేతతో పారిస్ వీధుల్లో పోరు రేగింది. ఓజనాం, ఇద్దరు మిత్రులు వెళ్ళి, మధ్యవర్తిత్వం చేయవలసిందిగా అగ్రపీఠాధిపతి ఆఫ్ర్ గారిని వేడుకున్నారు. శాంతి కోసం అడ్డుగోడల వద్దకు వెళ్ళిన ఆ కాపరి తుపాకీ గుండుకు నేలకొరిగారు. ఆ దుఃఖంలోనూ ఓజనాం పేదల పక్షాన పత్రికలో రాయడం మానలేదు. 1853 సెప్టెంబరు 8న మార్సెయిల్లో, నలభై ఏళ్ళకే కన్నుమూశారు. 1997లో రెండవ జాన్ పౌలు జగద్గురువులు ఆయనను ధన్యునిగా ప్రకటించారు.

ప్రియ పాఠకులారా, మనలో కూలి తీసుకునేవారున్నారు, ఇచ్చేవారూ ఉన్నారు. ఊళ్ళో నడిచే రేటు ఇంతేనని ఇచ్చేవారు సరిపెట్టుకుంటారు. పంటకు గిట్టుబాటు లేని చిన్నరైతు ఇబ్బంది నిజమే. ఆ ఇబ్బంది లేనివారికీ అదే రేటు సాకు కారాదు. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మ, మీ దుకాణంలో మూటలు మోసే తమ్ముడు మీరిచ్చే డబ్బుతో కడుపునిండా తినగలరా? బిడ్డలను బడికి పంపగలరా? రేపు మంచాన పడితే వారికి దిక్కేమిటి? ఈసారి విన్సెంట్ డి పాల్ సభకు చందా ఇచ్చే ముందు ఈ మూడు ప్రశ్నలూ ఇంటిల్లిపాదీ కూర్చొని వేసుకోండి. వారికి చెల్లవలసిన బాకీ ఉంటే ముందు అది తీర్చండి. ఆ తర్వాత మీరిచ్చే కానుక నిజంగా కానుకే అవుతుంది.