యల్లాప్రగడ సుబ్బారావుగారు - మన బొటనవేలి నొప్పి

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమన్నారు. గౌట్ జబ్బు ఉన్నవాడిని గనుక, దానితో కొంత సంబంధమున్న మన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఎంచుకున్నాను.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులను స్ప్రూ జబ్బు బలిగొన్నది. తరువాత అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డులో పరిశోధన సాగించారు.

1929లో ఫిస్క్‌తో కలిసి, శరీరానికి శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని కండరాలలో కనుగొన్నారు. అందులో ప్యూరిన్ ఉంటుంది. ప్యూరిన్లు అరిగి చివరకు యూరిక్ ఆసిడ్ అవుతాయి. అది మూత్రంలో సరిగా పోక రక్తంలో పెరిగితే, సూదుల వంటి స్ఫటికాలై కీళ్లలో చేరుతుంది. అదే గౌట్.

గౌట్ మాత్ర సుబ్బారావుగారు కనిపెట్టినది కాదు. అదే ఫిస్క్ వద్ద ప్యూరిన్ల మీద పనిచేసిన హిచింగ్స్, తరువాత ఎలియన్ అనే మహిళతో కలిసి అల్లోప్యూరినాల్ తయారు చేశారు. వారిద్దరికీ 1988లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. సుబ్బారావుగారు 1940లో లెడర్లీ కంపెనీలో చేరి ఫోలిక్ ఆసిడ్, మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే హెట్రజాన్ వంటి మందుల వెనుక నిలిచారు. 1948లో పరమపదించారు.

అంత కష్టపడి తెచ్చిన మందులను మనం తెలిసి వాడుతున్నామా? మా రెడ్డిగూడెంలో కీలు నొప్పి ఏదైనా 'వాతమే'. మాత్ర పేరు అడిగితే 'తెల్ల బిళ్ల' అంటాము. గౌట్‌కు రెండు రకాల మందులున్నవి. ఒకటి నొప్పి వచ్చినప్పుడు దానిని తగ్గించేది. రెండవది యూరిక్ ఆసిడ్‌ను తగ్గించే రోజువారీ మాత్ర; అల్లోప్యూరినాల్ ఈ రకమే. నొప్పి పోయిందని దీనిని మానరాదు. మొదలుపెట్టిన కొత్తలో నొప్పి తిరిగి రావచ్చు. అంతమాత్రాన మందు పడలేదనుకోకూడదు. అయితే ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి డాక్టరును కలవాలి. రక్తంలో యూరిక్ ఆసిడ్ సాధారణంగా 6 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. నిర్లక్ష్యం చేస్తే కీళ్లు వంకరపోతాయి, మూత్రపిండాలలో రాళ్లు చేరవచ్చు.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకునేది. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. రెండు జబ్బులనూ 'వాతం' అనే ఒక్క మాటతో పిలిచేచోట ఈ తేడా తెలియడం ఎంత అవసరమో ఆలోచించండి.

కనుక మిత్రులారా, పెన్షను పుస్తకంతో పాటు ఒక చీటీ ఉంచుకోండి. మాత్ర పేరు, దేనికి, ఎప్పుడు, ఎన్నాళ్లు అని డాక్టరుగారిని అడిగి వ్రాయించుకోండి. చూపు ఆననివారికి మనుమలు చదివి పెట్టవచ్చు. సుబ్బారావుగారి స్మృతికి మనం చేయగల సేవ అదే.