శౌరివారికి చోటిచ్చిన రేవులు



డిసెంబరు 3న మన విచారణలలో పునీత ఫ్రాన్సిస్ శౌరివారి పండుగ జరుపుకుంటాం. ఆయన పేరుమీద మన కతోలిక కుటుంబాలలో శౌరయ్యలు, శౌరమ్మలు, శౌరిలు ఎందరో ఉన్నారు. ఆయన ఎంతమందికి జ్ఞానస్నానం ఇచ్చారో, ఎన్ని అద్భుతాలు చేశారో ప్రసంగాలలో వింటూనే ఉంటాం. కాని ఆయన పదేళ్లకు పైగా పడవ మీదా రేవుల్లోనూ బ్రతికారన్న సంగతి అంతగా తలచుకోము. ఈ వారం ఆయన జీవితాన్ని ఆ రేవుల వెంబడే మీకు చెప్పాలని ఉంది.

మన చోడవరం వైపు వారికి సముద్రం మరీ దూరం కాదు. పూడిమడకలో మీరు చూసే ఉంటారు. వేటనుండి పడవ వచ్చిందంటే ఒడ్డున ఉన్నవారు పరుగున వెళ్లి చెయ్యి వేస్తారు. ఎవరి పడవ అని అడగరు. దూరప్రయాణం చేసే పడవకైతే ఆ సహాయం మరీ అవసరం. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు గోవానుండి ‘తారిణి’ అనే తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టడానికి బయలుదేరారు. వారిలో మన విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. పడవ పొడవు 17 మీటర్లు. 254 రోజుల ప్రయాణంలో ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండులోని లిటెల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ రేవుల్లో ఆగారు. చుక్కాని తిప్పే సరంజామాలో లోపం రాగా మారిషస్‌లోనూ ఆగి, బాగు చేయించుకుని, 2018 మే 21న గోవా చేరారు. ఇప్పుడు చిన్న పడవలు ఆగడానికి మెరీనాలని ప్రత్యేకమైన రేవులున్నాయి. మంచినీళ్లు, కరెంటు, పనివారు అన్నీ దొరుకుతాయి. శౌరివారి కాలంలో అవేమీ లేవు. ఒడ్డున ఉన్న మనుషుల దయే దిక్కు.

ఆయన 1506 ఏప్రిల్ 7న స్పెయిన్ దేశపు నవార్రె ప్రాంతంలో, కోటగల ఇంట పుట్టారు. పారిస్‌లో చదివి, అక్కడే అరిస్టాటిల్ తత్వశాస్త్రాన్ని బోధించారు. సెమినరీలో అరిస్టాటిల్‌తో కుస్తీ పట్టిన మాబోటివారికి ఇది కొంచెం గర్వంగానే ఉంటుంది! అదే ఊరిలో ఇగ్నేషియస్ లొయోలావారితో ఒకే గదిలో ఉన్నారు. 1534 ఆగస్టు 15న మొన్‌మార్త్ర్ గుట్టమీద తోటివారితో కలిసి మాటపట్టు తీసుకున్నారు. అదే తరువాత యేసు సభ అయింది. 1537లో వెనిస్‌లో గురుపట్టం పొందారు. 1541లో, తనకు 35 ఏళ్లు నిండిన రోజునే, లిస్బన్‌లో ఓడ ఎక్కారు. ఇకమీదట ఆయనకు ఇల్లంటూ లేదు.

గోవా చేరడానికి 13 నెలలు పట్టింది. గాలులు అనుకూలించక మొజాంబిక్‌లో ఆరునెలలు ఆగిపోవలసి వచ్చింది. ఆయన అక్కడి ఆసుపత్రిలో రోగులకు సేవచేస్తూ తానే మంచం పట్టారు. తరువాత మలింది రేవు. ఓడలో చనిపోయిన ఒకరిని అక్కడ పాతిపెట్టారు. ఆ పాతిపెట్టిన తీరు చూసి ఊరి ముస్లిములు మెచ్చుకున్నారు. వారిలో ఒక పెద్దమనిషి శౌరివారి దగ్గరకు వచ్చి మనసు విప్పి మాట్లాడాడు. తమ ఊరిలో 17 మసీదులుంటే మూడింటికే జనం వస్తున్నారని, మీ క్రైస్తవులలో కూడా భక్తి ఇలాగే తగ్గిందా అని అడిగాడు. పరాయి మతం గురువును ఇంత చనువుగా అడగగలిగాడంటే ఆ రేవులో ఆయనకు దొరికిన ఆదరణ ఎటువంటిదో ఊహించుకోండి.

ఆ తరువాత సొకోత్రా దీవి. పునీత తోమాసువారి పేరు చెప్పుకునే పేద క్రైస్తవులు అక్కడ ఉండేవారు. వారికి చదువు రాదు, గ్రంథాలు లేవు. తమ దగ్గరున్న ఖర్జూరాలే తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఇక్కడే ఉండిపొమ్మని బతిమాలారు. ఆయనకూ ఉండాలనే ఉంది, గవర్నరు ఒప్పుకోలేదు. 1542 మే 6న గోవా చేరారు. కొన్ని నెలలకే ముత్యాల తీరానికి, అంటే కన్యాకుమారి, తూత్తుకుడి మధ్యనున్న పరవ జాలరుల గ్రామాలకు, పయనమయ్యారు.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఈ కథలో మనవాళ్లు కూడా ఉన్నారు. పరవలు సముద్రంలో మునిగి ముత్యపుచిప్పలు తీసేవారు. శౌరివారు రాకముందే వేలమంది జ్ఞానస్నానం పొందారు, కాని జపాలు నేర్పేవారు లేరు. ఆయన తమిళం తెలిసినవారిని కూర్చోబెట్టుకుని పరలోకజపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం ఆ భాషలోకి మార్పించి, కంఠస్థం చేసి, ఊరూరా పిల్లలకు నేర్పారు. మణప్పాడులో సముద్రపు అంచున, గుట్ట కిందనున్న గుహలో ఉండేవారని చెబుతారు. ఉప్పునీటి ప్రక్కనే తియ్యటి నీళ్ల బావి ఉన్న ఆ గుహను భక్తులు ఈనాటికీ దర్శిస్తున్నారు.

1544 జూన్‌లో విజయనగర పక్షపు గుర్రపు దండు ఆ గ్రామాలమీద పడింది. ఆనాటి ఉత్తరాలలో వారిని ‘బడగలు’ అన్నారు. అది తమిళంలోని ‘వడుగర్’ మాట. వడుగర్ అంటే ఉత్తరాది వారు, అనగా తెలుగువారు. అవును, ఆ జాలరులను తరిమినది మన భాష మాట్లాడేవారే. కన్యాకుమారి దగ్గరి ప్రజలు పిల్లాపాపలతో సముద్రంలోని రాళ్లమీదికి పారిపోయారు. తిండి లేదు, నీళ్లు లేవు. కొందరు అక్కడే చనిపోయారు.

ఆ కబురు మణప్పాడులో ఉన్న శౌరివారికి అందింది. వెంటనే 20 దోనెలలో తిండి, నీళ్లు వేయించి, తానూ ఒక దోనె ఎక్కారు. జూన్ నెలలో ఆ తీరాన నైరుతి గాలి ఎంత బలంగా వీస్తుందో పడవ నడిపేవారిని అడగండి. తెడ్లు వేసినా, ఒడ్డునుండి తాళ్లతో లాగినా దోనెలు ముందుకు సాగలేదు. రోజుల తరబడి పెనుగులాడి వెనక్కు తిరగవలసి వచ్చింది. అప్పుడాయన కాలినడకన బయలుదేరి ఇసుకలో నడుస్తూ కన్యాకుమారి చేరారు. దిక్కులేక వచ్చినవారిని ఊళ్లలో ఇంటింటికీ పంచి పెట్టించమని, బీదలను చూసుకోమని తోటి పనివాడు మన్సిల్యాసుకు ఉత్తరాలు రాశారు. గుర్రాలు వస్తున్నాయేమో చూడడానికి కావలివారిని పెట్టమని కూడా ఆయన జాగ్రత్తలు చెబుతుండేవారు.

ఆ సంవత్సరమే తూత్తుకుడిలో మరొకటి జరిగింది. అక్కడి పోర్చుగీసు అధికారి డబ్బుకు ఆశపడి దాడిచేసే దండుకే గుర్రాలు అమ్మేవాడు. శౌరివారికి అతనంటే మండిపోయేది. చివరకు ఆ దండు తూత్తుకుడిమీద పడి అతని ఇల్లు తగులబెట్టింది. అతను దీవిలోకి పారిపోయాడు. ఈ వార్త వినగానే శౌరివారు ఏం చేశారనుకుంటున్నారు? అతనికి వెంటనే దోనెలు, నీళ్లు, తిండి పంపమని మన్సిల్యాసుకు ఉత్తరం రాశారు. అద్భుతాల కథలన్నిటికంటే ఈ ఒక్క ఉత్తరమే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆయన సిలువ సముద్రంలో పడిపోతే పీత తెచ్చి ఇచ్చిందనే కథ పిల్లలకు ఇష్టం, చెప్పుకోనివ్వండి. కాని ఒళ్లు మండించిన మనిషికి మంచినీళ్లు పంపడం పీతకు సాధ్యమయ్యే పని కాదు.

1545లో నాగపట్టణం నుండి తిరిగి కన్యాకుమారి వైపు వెళ్దామంటే ఎదురుగాలి. అందుచేత మైలాపూరుకు వెళ్లారు. అక్కడి విచారణ గురువు గాస్పర్ కొయెల్యో తన ఇంట్లోనే చోటిచ్చారు. ఒక పూటకు కాదు, నాలుగు నెలలు! ఒక గురువు ఇంట్లో మరొక గురువు నాలుగు నెలలుండి ఇద్దరూ స్నేహితులుగానే మిగలడం చిన్న సంగతి కాదని విచారణ గురువులందరికీ తెలుసు. రాత్రివేళ శౌరివారు చప్పుడు లేకుండా లేచి, తోటగుండా పునీత తోమాసువారి సమాధి గుడికి వెళ్లి జపం చేసేవారు. మలక్కా దాటి తూర్పు దీవులకు వెళ్లాలా వద్దా అన్నది ఆయన సందేహం. అక్కడే మనసు కుదుటపడింది. ఆ ఏడు పెద్ద ఓడ దొరకకపోతే, ఈ తీరంనుండి కట్టుమరం బయలుదేరినా సరే దానిమీదే వెళ్తానని గోవాకు రాశారు. మన తీరంలో తెప్ప మీద కూర్చున్న మనిషిని చూసినప్పుడు ఈ మాట గుర్తుచేసుకోండి.

మలక్కా, మొలుక్కా దీవులు, 1549 ఆగస్టు 15న జపానులోని కగోషిమా. అక్కడికి ఆయనను చేర్చినది దొంగ అని పేరుపడ్డ ఒక చీనా వర్తకుని ఓడ. జపాను స్నేహితుడు అంజిరో బంధువులు ఇంటివారిలా ఆదరించారు. రెండేళ్లకు పైగా అక్కడ పనిచేసి, చీనా దేశంమీద మనసు పెట్టుకుని తిరిగి వచ్చారు.

1552లో మలక్కా మారిపోయింది. స్నేహితుడు దియోగో పెరైరా ‘సాంతా క్రూజ్’ ఓడలో రాయబారిగా చీనాకు వెళ్లాలి, శౌరివారు వెంట వెళ్లాలి. రేవు అధికారి అల్వారో ద అతైదె, వాస్కో డ గామా కుమారుడే, అసూయతో అడ్డుపడి ఓడ చుక్కాని ఊడదీయించాడు. చివరకు ఓడను వదిలాడు గాని పెరైరాను వెళ్లనివ్వలేదు.

ఆగస్టు చివరకు చీనా తీరం దగ్గరి సాన్సియన్ దీవి చేరారు. పరదేశులు చీనా నేలమీద కాలు పెట్టడం నేరం. మిరియాలకు ఆశపడి రహస్యంగా కాంటన్ చేరుస్తానన్న చీనా వర్తకుడు నవంబరు 19న వస్తానని చెప్పి రాలేదు. ఒకటి తరువాత ఒకటిగా పోర్చుగీసు ఓడలు తెరలెత్తి వెళ్లిపోయాయి. జ్వరం వచ్చి ఓడలోకి వెళ్తే ఊగుడుకు తట్టుకోలేక మళ్లీ ఒడ్డుకే వచ్చారు. ఒక వర్తకుడు జాలిపడి తన ఆకుల పాకలో పడుకోబెట్టాడు. డిసెంబరు 3 తెల్లవారక ముందు, 46 ఏళ్ల వయసులో, కన్నుమూశారు. ప్రక్కన ఉన్నది అంతోనియో అనే చీనా యువకుడు. చేతిలో కొవ్వొత్తి పెట్టింది అతనే.

సున్నం పోసి అక్కడే పాతిపెట్టారు. 1553 ఫిబ్రవరిలో తవ్వి చూస్తే దేహం చెడిపోలేదు. దానిని అదే సాంతా క్రూజ్ ఓడలో మలక్కాకు తెచ్చారు. మార్చి నెలలో రేవులో ప్రజలు కొవ్వొత్తులతో ఎదురేగారు. ఆ స్వాగతం ఏర్పాటు చేసింది దియోగో పెరైరా.