రాఫెల్ లెమ్కిన్

రాఫెల్ లెమ్కిన్ (జూన్ 24, 1900 - ఆగష్టు 28, 1959) పోలండు దేశానికి చెందిన యూదు న్యాయశాస్త్రవేత్త. ఒక జాతిని గాని, మత సమూహాన్ని గాని సమూలంగా నాశనం చేసే నేరానికి జెనోసైడ్ అనే పేరు పెట్టినవాడు ఈయనే. ఈ నేరాన్ని ప్రపంచ దేశాలన్నీ కలిసి నిషేధించాలని జీవితాంతం ప్రభుత్వాలకు విజ్ఞప్తులు చేశాడు. 1948లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన జెనోసైడ్ ఒప్పందం ప్రధానంగా ఈయన కృషి ఫలితమే.

తెలుగు పత్రికలలో ఈ మాటకు మారణహోమం, నరమేధం, ఊచకోత, జాతిహననం వంటి పదాలు కనిపిస్తాయి. మొదటి మూడూ పెద్ద సంఖ్యలో జరిగే హత్యలన్నింటికీ వర్తిస్తాయి. లెమ్కిన్ ఉద్దేశించిన అర్థం అంతకంటె నిర్దిష్టమైనది. ఒక సమూహానికి చెందినవారు కావడమే వారిని నాశనం చేయడానికి కారణమైనప్పుడు మాత్రమే అది జెనోసైడ్ అవుతుంది. కనుక జాతిహననం అన్న మాటే మూలానికి దగ్గరగా ఉన్నది.

బాల్యం, విద్య

లెమ్కిన్ వోల్కోవిస్క్ పట్టణం సమీపంలోని బెజ్వోద్నె గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. ఆ ప్రాంతం అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ పోలండులో ఉండి, ఇప్పుడు బెలారస్ దేశంలో ఉన్నది. తల్లి బెల్లా విదుషీమణి, చిత్రకారిణి. పిల్లలకు ఇంటివద్దనే సాహిత్యం, భాషలు నేర్పింది. రోమ్ చక్రవర్తి నీరో కాలంలో క్రైస్తవులు పడిన హింసలను వర్ణించే క్వో వాదిస్ నవలను లెమ్కిన్ చిన్నతనంలోనే చదివాడు. 1906లో సమీపంలోని బియాలిస్టాక్ నగరంలో యూదులపై దాడులు జరిగి అనేకమంది మరణించారు.

ల్వోవ్ విశ్వవిద్యాలయంలో చదువుకొనే రోజులలో ఒక సంఘటన ఆయనను బాగా కలవరపరచింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అర్మేనియనుల సామూహిక హత్యలకు బాధ్యుడైన టర్కీ మాజీ మంత్రి తలాత్ పాషాను 1921 మార్చిలో బెర్లిన్‌లో సొగొమోన్ తెహ్లిరియాన్ అనే అర్మేనియన్ యువకుడు కాల్చి చంపాడు. హత్య చేసిన యువకునిపై విచారణ జరిగింది. లక్షలాది మందిని చంపించిన తలాత్ పాషాను మాత్రం ఏ అంతర్జాతీయ న్యాయస్థానమూ విచారించలేదు. దీనికి కారణమేమని లెమ్కిన్ తన ఆచార్యుని అడిగాడు. రైతు తన కోళ్ళను చంపుకొంటే పొరుగువాడు అడగజాలనట్లే, ఒక రాజ్యం తన ప్రజలను ఏమి చేసినా ఇతర రాజ్యాలు జోక్యం చేసుకోరాదని ఆచార్యుడు వివరించాడు. మనుషులను కోళ్ళతో పోల్చిన ఆ వాదన శిష్యునికి రుచించలేదు. ఆయన తరువాతి జీవితమంతా దానికి సమాధానమే అనవచ్చును.

మొదటి విజ్ఞప్తి

చదువు ముగిశాక లెమ్కిన్ వార్సా నగరంలో ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేశాడు. 1933లో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ శిక్షాస్మృతి సమావేశానికి ఒక పత్రం సమర్పించాడు. సమూహాలను నాశనం చేయడాన్ని అనాగరికత అనీ, వారి కళలను, సంస్కృతిని ధ్వంసం చేయడాన్ని విధ్వంసకత్వమనీ పేర్కొని, ఈ రెండింటినీ ఏ దేశంలోనైనా శిక్షించదగిన నేరాలుగా ప్రకటించాలని కోరాడు. సమావేశానికి స్వయంగా వెళ్ళలేకపోయాడు. ప్రతిపాదన ఆమోదం పొందలేదు. హిట్లర్ జర్మనీలో అధికారానికి వచ్చినది ఆ సంవత్సరమే. మరుసటి ఏడు ప్రభుత్వోద్యోగం వదలవలసివచ్చి, సొంతంగా న్యాయవాద వృత్తి చేపట్టాడు.

యుద్ధకాలం

1939 సెప్టెంబరులో జర్మనీ పోలండును ఆక్రమించినప్పుడు లెమ్కిన్ వార్సా విడిచి, అడవుల వెంట తూర్పుకు ప్రయాణించాడు. తల్లిదండ్రులను కలుసుకొన్నా వారు ఇల్లు విడిచి రావడానికి అంగీకరించలేదు. మరల వారిని చూడలేదు. లిథువేనియా మీదుగా స్వీడన్ చేరాడు. అక్కడ ఆయన చేసిన పని ఒక న్యాయవాదికి మాత్రమే తోచేది. ఆక్రమిత దేశాలలో జర్మన్లు జారీచేసిన శాసనాలను, ఉత్తర్వులను ఒక్కొక్కటిగా సేకరించాడు. విడివిడిగా చూస్తే అవి పాలనా వ్యవహారాలు. ఆహారం కేటాయింపులు, ఆస్తుల స్వాధీనం, భాషపై ఆంక్షలు, వివాహ నిబంధనలు వరుసగా పేర్చి చూసినప్పుడు వాటి వెనుక ఉన్న పథకం బయటపడింది.

1941లో సోవియట్ యూనియన్, జపానుల మీదుగా అమెరికా చేరి డ్యూక్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైనాడు. అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు ఒక వినతిపత్రం పంపగా, ఓపిక పట్టమని సమాధానం వచ్చింది. 1944 నవంబరులో తాను సేకరించిన శాసనాలతో యాక్సిస్ రూల్ ఇన్ ఆక్యుపైడ్ యూరప్ గ్రంథాన్ని ప్రచురించాడు. గ్రీకు భాషలో జాతి అనే అర్థమున్న జెనోస్, లాటిన్‌లో చంపడమనే అర్థమున్న సైడ్ కలిపి జెనోసైడ్ అనే పదాన్ని లోకానికి పరిచయం చేసినది ఈ గ్రంథంలోనే.

న్యూరెంబర్గ్

1945లో నాజీ నాయకులపై న్యూరెంబర్గ్‌లో దాఖలైన అభియోగపత్రంలో ఈ పదం చోటుచేసుకొన్నది. 1946 తీర్పులో మాత్రం కనిపించలేదు. పైగా ఆ న్యాయస్థానం యుద్ధంతో సంబంధమున్న నేరాలనే పరిగణించి, 1939కి ముందు జర్మనీలో జరిగిన అకృత్యాలను విడిచిపెట్టింది. ఇది లెమ్కిన్‌ను తీవ్రంగా నిరాశపరచింది. తన కుటుంబంలో తల్లిదండ్రులతో సహా 49 మంది మరణించినట్లు ఆ రోజులలోనే తెలిసింది. సోదరుడు ఎలియాస్ కుటుంబం మాత్రమే మిగిలింది.

ఐక్యరాజ్య సమితిలో

తరువాత ఆయన ఐక్యరాజ్య సమితి వరండాలలో ప్రతినిధులను ఒక్కొక్కరినీ పట్టుకొని ప్రాధేయపడటం మొదలుపెట్టాడు. ఏ దేశానికీ ప్రతినిధి కాడు, ఏ హోదా లేదు. ఆయన కనబడితే తప్పుకొని పోయేవారు కూడా ఉండేవారట. జెనోసైడ్ అంతర్జాతీయ నేరమని ప్రకటించే తీర్మానాన్ని ప్రతిపాదించడానికి క్యూబా, పనామా, భారతదేశం ముందుకు వచ్చాయి. అప్పటి భారత ప్రతినిధి వర్గానికి విజయలక్ష్మీ పండిట్ నాయకురాలు. 1946 డిసెంబరు 11న సర్వసభ్య సభ దానిని ఆమోదించింది.

1948 డిసెంబరు 9న పారిస్‌లో జెనోసైడ్ ఒప్పందం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మానవ హక్కుల ప్రకటన వెలువడినది ఆ మరుసటి రోజు. యుద్ధంలోనైనా శాంతికాలంలోనైనా జెనోసైడ్ నేరమేనని ఒప్పందం స్పష్టం చేసింది. న్యూరెంబర్గ్ విడిచిన లోపం ఇలా తీరింది. అయితే సంస్కృతిని నాశనం చేయడానికి సంబంధించిన నిబంధనను చర్చలలో తొలగించారు. లెమ్కిన్ దానిని బలంగా కోరుకొన్నాడు. రాజకీయ వర్గాలకు కూడా రక్షణ లభించలేదు. 1951 జనవరి 12న ఒప్పందం అమలులోకి వచ్చింది.

చివరి సంవత్సరాలు

మిగిలిన జీవితాన్ని దేశాల చేత ఒప్పందాన్ని ధ్రువీకరింపజేయడానికే వెచ్చించాడు. 1951లో అమెరికాలోని నల్లజాతి నాయకులు తమపై జరుగుతున్న హింస జెనోసైడేనని ఐక్యరాజ్య సమితికి వినతిపత్రం సమర్పించగా లెమ్కిన్ దానిని వ్యతిరేకించాడు. అమెరికా సెనేటు ఆమోదం కోసం ఆయన ఎదురుచూస్తున్న కాలమది. ఈ వైఖరిని తరువాతి చరిత్రకారులు విమర్శించారు. ఆ ఆమోదమూ ఆయన జీవితకాలంలో రాలేదు. అమెరికా ధ్రువీకరణ 1988లో గాని పూర్తికాలేదు.

బోధనావృత్తిని నిర్లక్ష్యం చేయడంతో పేదరికం, అప్పులు మిగిలాయి. నోబెల్ శాంతి బహుమతికి పలుమార్లు ప్రతిపాదించినా లభించలేదు. 1959 ఆగష్టు 28న న్యూయార్కులో గుండెపోటుతో మరణించాడు. అంత్యక్రియలకు హాజరైనవారు అతికొద్దిమంది. భారతదేశం ఒప్పందాన్ని ధ్రువీకరించినది ఆగష్టు 27న, అనగా ఆయన మరణానికి ముందురోజు.

ఈ ఒప్పందంలోని నిర్వచనం ఆధారంగా ఒక అంతర్జాతీయ న్యాయస్థానం మొదటిసారి శిక్ష విధించినది 1998లో. రువాండాలోని టాబా ప్రాంతపు మేయరు జీన్-పాల్ అకాయెసు ఆ కేసులో నేరస్థుడు. లెమ్కిన్ అసంపూర్తిగా వదిలిన ఆత్మకథ 2013లో ప్రచురితమైనది.