విద్వత్సభ నుండి ప్రజాసభకు: సురవరం ప్రతాపరెడ్డి

పాలమూరు సీమకు విద్వత్తుతో గల అనుబంధం ప్రాచీనమైనది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల ప్రభువులు దూరప్రాంతాల పండితులను ఆహ్వానించి, సభలు జరిపి, వారి శాస్త్రప్రసంగాలను, అవధానాలను ఆలకించి సత్కరించేవారు. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానాలను దర్శించి సన్మానాలు పొందారు. ఇట్టి ఆదరణ వల్లనే గద్వాలకు విద్వద్గద్వాల అనే ప్రసిద్ధి కలిగింది. అయితే ఆ సభలలో వినిపించిన విద్య చాలావరకు కోటగోడల లోపలే నిలిచిపోయింది. దానిని సామాన్యుల ముంగిటికి చేర్చిన మహనీయులలో సురవరం ప్రతాపరెడ్డి అగ్రగణ్యులు.

ప్రతాపరెడ్డి 1896 మే 28న బోరవెల్లి గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు రంగమ్మ, నారాయణరెడ్డి. స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఈ గ్రామాలు నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నాయి. కర్నూలులో చదివే రోజులలోనే ఆయనకు సంస్కృతాంధ్ర సాహిత్యాలపై మక్కువ ఏర్పడింది. మద్రాసులో పట్టభద్రులై, న్యాయశాస్త్రం కూడా అభ్యసించారు. అక్కడ వేదం వేంకటరాయశాస్త్రి వంటి ఉద్దండ పండితుని సాన్నిధ్యం ఆయనకు లభించింది.

ఆనాటి హైదరాబాదు రాష్ట్రంలో తెలుగు మాట్లాడేవారే అధికసంఖ్యాకులు. అయినా పాలనలో గాని, ఉన్నతవిద్యలో గాని వారి భాషకు తగిన స్థానం లేదు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనీ ప్రాంగణంలో ఒక సంఘసంస్కార సభ జరిగింది. మహిళా విశ్వవిద్యాలయ స్థాపకులైన మహర్షి కార్వే ఆ సభకు అధ్యక్షులుగా విచ్చేశారు. ఇతర భాషల ప్రసంగాలను శ్రద్ధగా విన్న సభికులలో కొందరు, ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోగానే గేలిచేసి అడ్డుకున్నారు. ఆ అవమానం ఆంధ్ర జనసంఘం ఆవిర్భావానికి దారితీసింది. తన గడ్డ మీద తన భాషలో నోరు విప్పే హక్కు కూడ పోరాడి సాధించుకోవలసినదే అని తెలుగువారు గ్రహించారు.

ఇట్టి వాతావరణంలో ప్రతాపరెడ్డి హైదరాబాదును తన కార్యక్షేత్రంగా ఎన్నుకున్నారు. వనపర్తి సంస్థాన ప్రాంతానికి చెందిన కొత్వాలు రాజబహదూర్ వేంకటరామారెడ్డి ప్రేరణతో రెడ్డి వసతిగృహ నిర్వహణ బాధ్యతను స్వీకరించారు. విద్యార్థులలో క్రమశిక్షణను, పఠనాసక్తిని పెంపొందించారు. అక్కడి గ్రంథాలయాన్ని అభివృద్ధి చేశారు. 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించి, నిజాం పాలనలోని ఆంక్షల నడుమ తెలుగువారి కష్టసుఖాలను నిర్భయంగా ప్రకటించారు. సభలు జరుపుకోవడమే కష్టమైన కాలంలో ఆ పత్రికయే ఊరూరికీ చేరే వేదిక అయింది.

ఆ రోజులలో ఒక పండితుడు తెలంగాణలో కవులు లేరని వ్యాఖ్యానించాడు. ప్రతాపరెడ్డి దానికి దూషణతో బదులు చెప్పలేదు. మారుమూల పల్లెలలోని కవుల వివరాలను, పద్యాలను పత్రిక ద్వారా సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అందులో 354 మంది కవుల రచనలు ఉన్నాయి. వారికి లేనిది ప్రతిభ కాదు, ప్రచురణావకాశమే అని ఆ సంచిక నిరూపించింది. ఆక్షేపణకు ఆధారాలతో సమాధానమివ్వడం పండితుని కర్తవ్యమని ఆయన ఆచరణలో చూపారు.

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. ఆయన రచించిన హిందువుల పండుగలు గ్రంథానికి, ఆక్స్‌ఫర్డు, షికాగో విశ్వవిద్యాలయ వేదికలపై భారతీయ తత్త్వాన్ని ఉపన్యసించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పీఠిక రాశారు. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆయన కృషికి శిఖరాయమానం. రాజుల యుద్ధాలను, వంశావళులను కాక, సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలు, వృత్తులు, నమ్మకాలను ఆ గ్రంథం వివరిస్తుంది. ఇందుకు ఆయన కావ్యాలను, సామెతలను, శాసనాలను సాక్ష్యాలుగా స్వీకరించారు. పండితులు అలంకారాలను వెదికే పద్యాలలో ఆయన ప్రజల జీవితాన్ని వెదికారు. ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన తొలి గ్రంథం అదే. అయితే దానిని అందుకోవడానికి ఆయన జీవించి లేరు.

1952 ఎన్నికలలో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన ప్రతాపరెడ్డి, 1953 ఆగస్టు 25న పరమపదించారు. హైదరాబాదులో 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం 2025లో శాసనం ద్వారా ఆయన పేరు పెట్టింది. ఒకనాడు తెలుగు ప్రసంగాన్ని గేలిచేసిన నగరంలోనే, నేడు ఆయన పేరు గల విద్యాలయంలో పండితులు తెలుగులో ప్రసంగిస్తున్నారు. ఆ ప్రసంగాలను ఆలకించే స్వేచ్ఛ వెనుక ఒక తరం చేసిన కృషి ఉన్నదని విద్యార్థులు మరువరాదు. విన్నదానిని పదిమందికి పంచినప్పుడే విద్వత్తు సార్థకమవుతుందని ప్రతాపరెడ్డి జీవితం మనకు తెలుపుతున్నది.