కాటన్ – గోదావరి ఆనకట్ట

వరి నీటిని నమ్ముకొన్న పైరు. పంతొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో గోదావరి డెల్టా రైతుకు ఆ నీరే గండమైంది. నాట్ల వేళ చినుకు రాలేది కాదు. కోతల వేళ తుపాను తప్పేది కాదు. ఎదుట నది నిండుగా పారుతున్నా పొలం నెర్రెలు వారేది. 1833 నాటి కరువులో పల్లెలు పాడుపడ్డాయి. 1839లో ఉప్పెన కోరంగిని ముంచెత్తింది. పంట ఇంటికి చేరుతుందన్న నమ్మకం లేనప్పుడు ఎంతటి నేర్పరియైన రైతు మాత్రం చేనుపై ఏమి ఖర్చు పెట్టగలడు?

1803లో ఇంగ్లండులో జన్మించిన సర్ ఆర్థర్ కాటన్ సైనిక ఇంజనీరుగా మద్రాసుకు వచ్చి, తొలుత కావేరిపై పనిచేశారు. అక్కడి చోళుల నాటి కల్లణై ఆయనకు గురువైంది. రాతి పునాది దొరకని ఇసుకనేలపైనా నదికి అడ్డుకట్ట నిలుస్తుందని ఆ ప్రాచీన కట్టడమే నేర్పింది. ఆ ఋణాన్ని కాటన్ దాచుకోలేదు.

1847లో గోదావరిపై పని మొదలైంది. నడుమనున్న లంకలను ఆధారం చేసికొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం వద్ద నాలుగు భాగాలుగా ఆనకట్ట లేచింది. వీణెం వీరన్న ఆయనకు కుడిభుజమై నిలిచారు. 1852 నాటికి నిర్మాణం పూర్తయింది. వానకై ఆకాశం చూచిన రైతు కాలువ వైపు చూడసాగాడు. తుపానును మాత్రం ఏ ఆనకట్టా ఆపజాలదు. ఆ భయం డెల్టాను నేటికీ వీడలేదు.

రైలుమార్గాలకంటె జలమార్గాలే దేశానికి మేలని వాదించి, కాటన్ స్వదేశంలో విమర్శల పాలయ్యారు. 1899లో మరణించారు. పాత ఆనకట్ట స్థానంలో వెలసిన బారేజి ఆయన పేరనే ఉన్నది.