రఘునాథ కార్వేగారు

ఈ ముంబయిలో కాపురముంటున్న మన తెలుగువారికి కార్వే అనగానే ధొండో కేశవ కార్వేగారే గుర్తుకు వస్తారు. వితంతువులకు, స్త్రీవిద్యకు ఆయన చేసిన సేవకుగాను 1958లో భారతరత్న ఇచ్చి గౌరవించినారు. వారి పెద్దకుమారుడు రఘునాథరావుగారి పేరు మాత్రము మన ఇండ్లలో ఎవరూ ఎత్తరు. కారణము లేకపోలేదు.

రఘునాథరావుగారు 1882 జనవరి 14న జన్మించినారు. ఆయనకు తొమ్మిదేండ్ల వయసులో తల్లి రాధాబాయి కాన్పులో పోయినది. పెద్దవాడై విల్సన్ కళాశాలలో లెక్కల ఆచార్యులైనారు. పాఠాలు చెప్పుకొని సుఖముగా ఉండవలసినవారు, 1921లో నాటి బొంబాయిలో సంతాన నిరోధమును గూర్చి సలహాలిచ్చే కేంద్రము తెరచినారు. లండనులో మేరీ స్టోప్స్ అటువంటిది తెరచినదీ ఆ ఏడే. ఈ ప్రచారము కళాశాలవారికి గిట్టలేదు. ఆయన ఉద్యోగము వదులుకొన్నారు. నెల జీతముమీద బ్రతికే మావంటివారికి ఆ మాట తలచుకొంటేనే గుండె దడ.

1927 జూలైలో ‘సమాజ స్వాస్థ్య’ అనే మరాఠీ మాసపత్రిక పెట్టినారు. ఇంటిలో తల్లినిగాని తండ్రినిగాని అడుగలేని సంగతులు పాఠకులు ఉత్తరాలలో అడిగేవారు. ఆయన దాపరికము లేకుండా శాస్త్రప్రకారము జవాబు వ్రాసేవారు. బూతు వ్రాతలని కేసులు పెట్టినారు. 1934లో డాక్టర్ అంబేద్కర్‌గారు ఆయన పక్షమున వాదించినా గెలుపు దక్కలేదు, జరిమానా పడినది. అయినా పత్రిక ఆగలేదు. 1953 అక్టోబరు 14న కన్నుమూసేవరకు నడిపినారు.

ఆ రోజులలో మనవారేమి చేస్తున్నారంటారా? 1930లో శారదా చట్టము అమలై, పదునాలుగేండ్లు నిండని పిల్లకు పెండ్లి కూడదన్నప్పుడు, గోదావరి జిల్లాలవారు ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాం వెళ్ళి ముడివేయించుకొని వచ్చినారు. పెండ్లి తొందర అంత ఉన్నది. కాపురమంటే ఏమిటో, కాన్పు అంటే ఏమిటో ఆ పిల్లకు చెప్పడానికి మాత్రము ఎవరికీ నోరు రాలేదు.

అది పాతకాలపు మాట అనుకొనేవారము. మా బంధువులలో ఒక అమ్మాయికి, చట్టము పదునెనిమిది అంటున్నా, పదహారేండ్లకే పెండ్లి చేసినారు. నెల తప్పితే అదేమిటో తెలియక, అడిగితే తప్పేమోనని భయపడి, ఆ పిల్ల నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆ పెండ్లికి మేమూ వెళ్ళినాము. అక్షింతలు వేసి, విందు భోంచేసి వచ్చినాము.